నిచ్చెన అల్లుడు

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత తగాదా వద్దు. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. ఎడిసన్‌లో మా వీధిలో చీలమండ దాకా మంచు పడితే, నేను ఆఫీస్‌కి చేరేసరికి అది నడుం దాకా వస్తుంది. సాయంత్రం ఇండియాకి ఫోన్ చేసేసరికి మేం చిమ్నీలోంచి బయటికి పాకుతూ ఉంటాం. మా ఆవిడ నేను చెప్పిందాన్ని సగం చేసి, ఆ సగాన్ని ఇంకో సగం చేసి, మిగిలింది కూడా పక్కింటావిడని అడిగి గానీ నమ్మదు. మీరూ అలాగే చదువుకోండి. ఇందులో చాలా చోట్ల పెంచాను. ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, శుద్ధంగా కల్పించాను. అదెక్కడన్నది చివర్లో చెబుతాను.

ఇది నేను పగ తీర్చుకున్న సంగతి. పగ ఎవరి మీదంటే మా తోడల్లుడి మీద, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడి మీద. టెక్సస్‌లో ప్లేనోలో ఉంటాడు. ఏదో పెద్ద కంపెనీలో టెస్టింగ్ మేనేజరు. ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడానికి జీతం ఇస్తారు, ఆ పని ఇంటికొచ్చాక ఉచితంగా చేస్తాడు. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మాట, ఇస్త్రీ నవ్వు. అతని ఇంగ్లీషు వింటే అమెరికావాళ్ళే ఒకసారి సర్దుకు కూర్చుంటారు. మొహం చూస్తే నోటరీ ముద్ర కొట్టినట్టుంటుంది, ఏం చెప్పినా జనం నమ్మేస్తారు.

ఆ మొహంతో అతను చెప్పే కథ ఒకటుంది. ఒకసారి మా గరాజ్‌లో బియ్యం బస్తాల వెనక పోసమ్ దూరింది. పోసమ్ అంటే పందికొక్కుకీ ఎలుగుబంటికీ పెళ్ళి చేస్తే పుట్టేలాంటిది. దాన్ని చూసి నేను తగిన జాగ్రత్తలు తీసుకున్నాను, అంతే. ఆ వారం అతను మా ఇంట్లో ఉండటం నా ఖర్మ. అప్పట్నుంచి గృహప్రవేశాలు, సీమంతాలు, పుట్టినరోజులు, ఎక్కడ నలుగురు తెలుగువాళ్ళు పేపర్ ప్లేట్లు పట్టుకుని నిలబడినా గొంతు సవరించుకునేవాడు.

"అన్నయ్యగారికి ఒకసారి గరాజ్‌లో ఒక చిన్న జంతువు కనిపించిందండీ. అన్నయ్యగారు వాషింగ్ మెషీన్ ఎక్కేశారు. లుంగీ. చేతిలో అప్పడాల కర్ర. అక్కణ్ణుంచే పోలీసులకి ఫోన్ చేశారు. పోలీసాయన వచ్చి ముందు అన్నయ్యగారిని కిందికి దించి, తర్వాత ఆ జంతువుని పంపించాడు."

అంతే. ఒక్క విశేషణం ఉండదు. జనం పులిహోర పొరబోయేలా నవ్వేవారు. ఇండియా నుంచి వచ్చినప్పుడు అత్తగారు, మామగారు కూడా నవ్వేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. నేనెక్కింది వాషింగ్ మెషీన్ కాదు, డ్రయ్యర్. అది ఎంత చెప్పినా వినిపించుకున్నవాడు లేడు. పైగా కథలు చెప్పడమన్నది నా ఇలాకా. నా ఇలాకాలోకి వచ్చి, నన్నే సరుకు చేసి, నాకంటే బాగా అమ్ముకుంటున్నాడు. నాకు కావలసింది ఒక్కటే. అతని మీద ఒక కథ. అదే జనం ముందు, అత్తమామల ముందు, అతని మొహం మీద చెప్పడానికి ఒకే ఒక్క కథ.

ఒక ఏడాది అత్తమామలు వచ్చి వేసవంతా ప్లేనోలో ఉన్నారు. తర్వాత మా ఇంటికి రావాలి. ఈలోగా తోడల్లుడు ఫోన్ చేసి, న్యూ మెక్సికోకి గైడెడ్ టూర్ బుక్ చేశానన్నాడు. పురాతన కట్టడాలు, అక్కడి వంటలు, ఎడారిలో సాహసం, మూడూ ఒకే వ్యాన్‌లో. మా ఆవిడ నా వైపు తిరిగి, "మీకు పడదు కదా, వద్దని చెప్పనా?" అంది. నేను అప్పటికే సూట్‌కేస్ దించుతున్నాను. ఎడారి, కొండలు, కొత్త తిండి. ఎంత ఇస్త్రీ మనిషైనా మూడు రోజుల్లో ఎక్కడో ఒకచోట నలగకపోతాడా?

ఆల్బకర్కీ ఎయిర్‌పోర్ట్‌లో కలిశాం. మేమిద్దరం, వాళ్ళిద్దరు, అత్తమామలు. టోపీ పెట్టుకుని, నడుం దాకా జడ వేసుకున్న ఒక పొడుగాటి గైడు వ్యాన్ తోలుకొచ్చింది. ఆవిడ దిగిన క్షణంలోనే అత్తగారు ఆవిడకి గైడమ్మ అని పేరు పెట్టేసింది. మామగారు రిటైరైన పి.డబ్ల్యు.డి. ఇంజనీరు. కనిపించిన ప్రతి కల్వర్టునీ కంటితో కొలిచి, సిమెంటు పాలు తగ్గిందని బాధపడుతూ కూర్చున్నాడు. నేను తోడల్లుడి వెనక సీట్లో, అతని మెడ కనిపించేలా కూర్చున్నాను.

మొదటి రోజు రుచులు. ఆ ఊళ్ళో ఏది తిన్నా మిరపకాయ గుజ్జు పోసి తెస్తారు. ఎర్రదా, పచ్చదా అని మాత్రం అడుగుతారు, వద్దా అని అడగరు. రోడ్డు పక్కన ఇనప జల్లెడ పీపాల్లో మిరపకాయలు కాలుస్తుంటే, మిర్చి యార్డుకి నిప్పంటుకున్నట్టు ఘాటు. నా గుండె ఉప్పొంగింది. ఎందుకంటే మా తోడల్లుడు ఇంట్లో పోపు ఘాటే భరించలేడు. ఆ వేసవిలో అత్తగారు మెంతులు వేయిస్తే స్మోక్ అలారం మోగిందని, "అత్తయ్యగారూ, ఏమీ అనుకోకండి, పోపులు గరాజ్‌లో వేసుకుందాం" అని కారు పక్కన ఒక స్టవ్ పెట్టించాడు. ఆవిడ ఏమీ అనుకోలేదు. అంటే పైకి ఏమీ అనలేదు.

ఎర్రది, పచ్చది రెండూ పోయించుకున్నాడు. కళ్ళు చెమర్చలేదు, ముక్కు ఎగబీల్చలేదు. మూతి తుడుచుకుని, "ఫ్లేవర్ బాగుంది" అన్నాడు. నేను గుంటూరు జిల్లావాణ్ణని నలుగురికీ చెప్పి పచ్చది మాత్రమే తీసుకున్నాను. మొదటి ముద్దకి చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. రెండో ముద్దకి ఎక్కిళ్ళు మొదలై, హోటల్ అద్దాలు అదిరి, కొండల్లో ఎక్కడో గొర్రెలు చెదిరిపోయాయి. గైడమ్మ పరుగెత్తి పాలు తెచ్చింది. తోడల్లుడు నా వీపు నిమురుతూ, "మెల్లిగా, అన్నయ్యగారూ, మెల్లిగా" అన్నాడు. మనసులో ఈ సంగతి ఎక్కడ చెప్పాలో ఖాయం చేసుకుంటున్నాడని ఆ వేళ్ళలోనే తెలిసింది.

రెండో రోజు ఎడారి. ఇసుక అంటే మనకు తెలిసిన ఇసుక కాదు, తెల్లటి తెలుపు. అత్తగారు వ్యాన్ దిగి, "ఓరి నాయనో, ఎంత ముగ్గుపిండో!" అని చతికిలబడిపోయింది. కొంగులో మూట కట్టబోతే గైడమ్మ, ఇక్కడ్నుంచి పిడికెడు కూడా తీసుకెళ్ళకూడదంది. ఆవిడ ఊరుకుంటుందా, అక్కడే కూర్చుని వేలితో మెలికల ముగ్గు గీసింది. ఓ జర్మన్ జంట దాన్ని వంద ఫోటోలు తీసింది.

మగవాళ్ళకి తలో ప్లాస్టిక్ పళ్ళెం ఇచ్చారు, ఇసుక దిబ్బ మీంచి జారడానికి. తోడల్లుడు పీటల మీద పెళ్ళికొడుకులా కూర్చుని జారాడు. కింద దిగి లేచి నిలబడితే ప్యాంటు మడత చెదరలేదు. నా పళ్ళెం మాత్రం నన్ను సగం దారిలో వదిలేసి ముందు వెళ్ళిపోయింది. మిగతా దిబ్బ అంతా నేను దొర్లుకుంటూ, ఆ ఎడారిలో సగం మింగుతూ దిగాను. న్యూ మెక్సికో మ్యాపులో ఆ దిబ్బ ఇప్పుడు కొంచెం పొట్టిగా ఉంటుంది. మామగారు, "అల్లుడుగారూ, కోణం తప్పింది" అన్నాడు. మా మరదలు నవ్వాపుకోలేక, "బావా, నోట్లోది ఉమ్మెయ్, ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళకూడదట!" అంది. నేను ఉమ్ముతూ లెక్క వేసుకున్నాను. నాకు కథ దొరకలేదు సరికదా, అతనికి ఇంకో రెండు దొరికాయి.

మూడో రోజు పురాతన కట్టడాలు. ఉత్తరాన ఒక లోయలో, కొండ గోడలకి గూళ్ళు తొలిచి వందల ఏళ్ళ కిందట జనం కాపురాలు చేశారు. వంటల మసి ఇంకా ఆ గూళ్ళ కప్పులకి అంటుకునే ఉంది. అత్తగారు ఆ నలుపు చూసి, "వీళ్ళు మాత్రం ఇంట్లోనే పోపు వేసుకున్నారమ్మా" అంది, గాలితో అన్నట్టు. తోడల్లుడు గైడమ్మని ఏదో తెలివైన ప్రశ్న అడుగుతున్నాడు.

పైన ఎత్తులో ఒక పెద్ద గుహ ఉంది. అక్కడికి దుంగలతో చేసిన నిచ్చెనలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కి వెళ్ళాలి. మామగారికి మోకాళ్ళు పనిచేయవు. అత్తగారూ ఆయనా కింద చెట్టు నీడన బెంచీ మీద కూర్చున్నారు. అక్కచెల్లెళ్ళిద్దరూ నీలిరాయి దుద్దులు బేరమాడటానికి దుకాణానికి పోయారు. గైడమ్మ ముందు, తోడల్లుడు మధ్య, నేను వెనక. మొదటి నిచ్చెన బెంచీ దగ్గరికి కనిపిస్తుంది, అది చిన్నది. రెండోది కొండ మలుపు అవతల. అదీ నిచ్చెనంటే. దాని కొస మీద ఒక మబ్బు ఆనుకుని ఉంది.

గైడమ్మ మేకపిల్లలా ఎక్కి గుహలోకి మాయమైంది. తోడల్లుడు సగం ఎక్కాడు. ఆగాడు. ఫోటో తీస్తున్నాడేమో అనుకున్నాను. రెండు చేతులూ నిచ్చెన చుట్టూ ఉన్నాయి, కెమెరా మెడలో ఊగుతోంది.

"ఏమైంది, తమ్ముడూ?"

పైనుంచి సన్నగా, "అమ్మా" అని వినిపించింది.

ఆ క్షణం నాకు కొండ దేవతలు పూలు చల్లారు. ఆ ఇస్త్రీ మనిషి, బల్లి గోడని పట్టుకున్నట్టు నిచ్చెనని కరుచుకుని, చెంప దుంగకి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. నా వెనక వరస కట్టిన జనంలో చేతికర్రతో వచ్చిన ఒక అమెరికన్ ముసలావిడ, "తొందరేం లేదు, హనీ!" అని కేకేసింది. గైడమ్మ పైనుంచి తొంగి చూసి ఎడమ కాలు, కుడి కాలు అని నెమ్మదిగా ఇంగ్లీషులో చెబుతోంది. అతనికి ఒక్క ముక్క ఎక్కడం లేదు. భయంలో అతనికి ఇంగ్లీషు పోయింది. సంతోషంలో నాకు మర్యాద పోయింది.

"ఒరేయ్, అన్నం తినే చేతి వైపు కాలు దించరా!"

దించాడు.

"ఇప్పుడు రెండోది. అదే, గడియారం పెట్టుకునే వైపు. కిందకి చూడకు, నా గొంతు విను."

అలా అన్నం చెయ్యి, గడియారం చెయ్యి అనుకుంటూ ఒక్కో మెట్టూ దింపుకొచ్చాను. కింద రాతి అరుగు మీద కూలబడి, నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నయ్యగారూ, ఆ పోసమ్ కథ ఇంక జన్మలో ఎక్కడా చెప్పను. ఒట్టు," అన్నాడు. నేను పెద్దమనిషిలా తల ఊపాను. స్మార్ట్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకి రాని రోజులు, లేకపోతే వీడియో తీసి ఉండేవాణ్ణి.

టూరు అయిపోయి అందరం ప్లేనో చేరాం. మర్నాడు వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదాలయ్యాక జనం ప్లేట్లు పట్టుకుని ఇంటి వెనక చెక్క అరుగు, అదే డెక్, మీదికి చేరారు. తోడల్లుడు మళ్ళీ ఇస్త్రీ అయిపోయి వచ్చి, గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యగారికి ఒకసారి గరాజ్‌లో..."

విన్నారా? ఇచ్చిన మాట తడి ఆరకముందే! వాషింగ్ మెషీన్, లుంగీ, అప్పడాల కర్ర, పోలీసు, అంతా అప్పజెప్పాడు. వాటికి తోడు మిరపకాయ ఎక్కిళ్ళు, ఇసుక దిబ్బ. జనం వంగిపోయి నవ్వారు. నేను ప్లేటు కింద పెట్టి లేచాను. నిచ్చెన కథ ఎత్తుకున్నాను. కానీ ఏం చేయను, నేను నేనే కదా. మొదటి వాక్యానికే నిచ్చెన వంద అడుగులైంది. మూడో వాక్యానికి కింద లోయలో నది పుట్టింది. ఇంకాసేపటికి గద్దలు అతని తల చుట్టూ తిరుగుతున్నాయి, ఒక గద్ద కెమెరా తన్నుకుపోతోంది.

జనం నవ్వారు. నన్ను చూసి. "మొదలెట్టారండీ!" అన్నాడొకడు. మామగారు గట్టిగా నవ్వి, "ఏం వంద అడుగులు అల్లుడుగారూ, నేను బెంచీ మీంచి చూశాగా, మా ఇంట్లో అటక నిచ్చెన దానికంటే పెద్దది" అన్నాడు. ఆయన చూసింది మొదటిది! అది చెప్పేలోపు తోడల్లుడు నా భుజం మీద చెయ్యి వేసి, "అన్నయ్యగారు మంచి క్రియేటివ్" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఏళ్ళ తరబడి కాచుకుని సంపాదించిన నిజాన్ని నా నోటితో నేనే నలిపి పారేశాను.

ఆ మంటతో, ఎవరికీ మొహం చూపించలేక గరాజ్‌లోకి పోయాను. అక్కడ అత్తగారు తన స్టవ్ దగ్గర, కారు బంపరు పక్కన స్టూలు మీద కూర్చుని సాయంత్రానికి సాంబారు పోపు వేస్తోంది. పక్కన బకెట్లో ఊళ్ళు తిరిగొచ్చిన బట్టలు. ఆవిడ మెషీన్‌ని నమ్మదు, కాలర్లు చేత్తో రుద్దిగానీ అందులో వేయనివ్వదు.

"బాబూ, ఇలా రా," అని ఒక చొక్కా పైకెత్తి చూపించింది. తోడల్లుడిది. ముందువైపు ఛాతీ నుంచి పొట్ట దాకా అడ్డంగా మట్టి చారలు, విభూతి రేఖల్లా. "నిచ్చెన ఎక్కినవాడి చొక్కాకి ఇలా మట్టి అంటదు. కావలించుకున్నవాడికే అంటుంది. ఏం జరిగింది?"

"అదేనండీ, వంద అడుగుల..."

"ఆపు." గరిటె ఎత్తింది. "ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఒక్క ముక్క కలిపావో, వినను."

నా జీవితంలో అంత కష్టపడ్డది లేదు. నది వదిలేశాను. గద్దల్ని వదిలేశాను, ప్రాణం ఉసూరుమంది. సగంలో ఆగాడు, అమ్మా అన్నాడు, అన్నం తినే చేతి వైపు కాలు అంటే దిగాడు. అంతే, అయిపోయింది. అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. స్టూలు కదిలిపోయింది. ఆవాలు మాడి గరాజంతా పొగ. కళ్ళు తుడుచుకుని, పొగలోంచి ఇంటి తలుపు వైపు చూసింది. "పోపు గరాజ్‌లో వేసుకోమన్నాడు కదూ," అంది. ఆ గొంతు విని నేనే ఒకడుగు వెనక్కి వేశాను.

వారం తిరక్కుండా అత్తమామలు మాతో ఎడిసన్ వచ్చారు. పొద్దున్నే మా దగ్గరి పార్కులో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు నడుస్తారు. చీర మీద స్వెట్టరు, కాళ్ళకి కోడళ్ళు కొనిచ్చిన స్నీకర్లు, మగవాళ్ళకి మంకీ క్యాప్. వాళ్ళకి కారు లేదు, ఉద్యోగం లేదు, పొద్దు పోవడానికి మాట తప్ప మరో ఆధారం లేదు. అమెరికాలో ఏ టీవీకీ లేనంత పెద్ద నెట్‌వర్క్ అది. ఎందుకంటే ఎవరూ ఒకచోట ఉండరు. మూడు నెలలు కూతురి దగ్గర, మూడు నెలలు కొడుకు దగ్గర. ఈ వారం ఎడిసన్‌లో విన్నది వచ్చే వారం అట్లాంటాలో, ఆ పై వారం ప్లేనోలో. అత్తగారు ఆ పార్కులో రెండు చుట్లు తిరిగింది. నిచ్చెన అని ఎత్తుకుంది. ఆవిడ అత్తగారు. సొంత అల్లుడి మీద అబద్ధం చెబుతుందని ఎవరనుకుంటారు?

ఆ చలికాలం తోడల్లుడు ఆఫీసు పని మీద మా వైపు వచ్చాడు. ఓక్ ట్రీ రోడ్‌లో స్వీట్ షాపుకి తీసుకెళ్ళాను. అతను పూతరేకులు చూపించమని అడుగుతుంటే, పక్కన నిలబడిన ఒక పెద్దాయన మంకీ క్యాప్ పైకి లాగి అతన్ని తేరిపార చూశాడు.

"ప్లేనోవారు కదూ? అక్కడ మా అబ్బాయి ఇంటికెళ్ళినప్పుడు గుళ్ళో చూశాను. మీరు నిచ్చెన అల్లుడుగారు కదూ?"

తోడల్లుడి మొహం మీది నోటరీ ముద్ర చెదిరిపోయింది.

"మా వియ్యపురాలు చెప్పింది లెండి. మా కోడలి పిన్ని కూడా చెప్పింది. ఏమండోయ్, ఇటు రండి, ఇదిగో ఆ నిచ్చెన అల్లుడుగారు!" పెద్దావిడ వచ్చింది. ఆవిడ వెనక ఇంకో ఇద్దరు. "అయ్యో నాయనా, ఎంత గండం గడిచింది! హెలికాప్టర్ వచ్చి దించిందటగా?"

షాపంతా మా వైపు తిరిగింది. ఒట్టేసి చెబుతున్నాను, హెలికాప్టర్ నాది కాదు. పార్కులో ఎవరో తాతగారు చేర్చిందది. జీవితంలో మొదటిసారి ఒక కథలోంచి ఒక సంగతి తీసేసే అవకాశం వచ్చింది. ఎంత నిదానంగా, ఎంత పొడిగా చెప్పానో! అచ్చం అతను చెప్పినట్టే చెప్పాను.

"హెలికాప్టర్ ఏం రాలేదండీ. నిచ్చెన కూడా మరీ పెద్దదేం కాదు. మధ్యలో ఆగి అమ్మా అన్నాడు, అంతే. నేను దింపాను."

నమ్మారు! వెంటనే, సందేహం లేకుండా అందరూ నమ్మారు. కౌంటరు వెనక కుర్రాడు పూతరేకుల డబ్బా పట్టుకుని నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయాడు. తోడల్లుడు నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పటికీ మనసు బాగోలేనప్పుడు తీసి చూసుకుంటాను. ఆ తర్వాత అతను ఏ డెక్ మీదా గొంతు సవరించుకోలేదు.

ఇప్పుడు కల్పించింది ఎక్కడో చెప్పాలి కదా. రాతి అరుగు మీద అతను నా చెయ్యి పట్టుకుని ఒట్టేశాడని రాశాను. అది కల్పితం. అతను ఏ మాటా ఇవ్వలేదు. చెయ్యి పట్టుకున్న మాట నిజమే. పట్టుకుని, "అన్నయ్యా, ఇది ఎవరికీ చెప్పకు," అన్నాడు. సరే, చెప్పను, ఒట్టు అన్నది నేను.

అన్నాను. తప్పాను. చాలా హాయిగా ఉంది.